చూడని సినిమా మీద చర్చ

తొంభైల్లో బెజవాడలో మేం నడిపిన ఫిల్మ్ క్లబ్బుకి తెర తప్ప సొంతంగా ఏమీ ఉండేది కాదు. ఆ తెర కూడా రెండు తెల్ల దుప్పట్లు కలిపి కుట్టించింది. కుట్టు సరిగ్గా మధ్యలో పడటంతో ఏ దేశపు సినిమా వేసినా హీరో ముక్కు మీద ఒక గీత కనిపించేది. కొన్నాళ్లకి అలవాటైపోయి, మామూలు థియేటర్లో సినిమా చూస్తే ఏదో తక్కువైనట్టు ఉండేది.

ఆ దుప్పట్లు మా అధ్యక్షుడివి. ఆయనకి వన్‌టౌన్‌లో పటాలు కట్టే కొట్టు ఉండేది. అందరం భాయ్ అని పిలిచేవాళ్లం. వేంకటేశ్వరస్వామికీ, మక్కా ఫొటోకీ, ఊళ్లోని రెండు ఎర్రజెండా పార్టీల నాయకులకీ ఒకేలాంటి ఫ్రేము కట్టేవారు. ఆ రెండు పార్టీల వాళ్లూ ఒకరి మాట ఒకరు వినకపోయినా భాయ్ మాట వినేవాళ్లు. నేను బ్యాంకు ఉద్యోగిని, క్లబ్బు కార్యదర్శిని. సినిమాకి ముందు లేచి పరిచయ ప్రసంగం చెయ్యడం నా పని. ఆ పనంటే నాకు సినిమా కంటే ఇష్టం. అక్కడే ఉంది నా జబ్బు.

నెలంతా ఆదివారాలు రాజకీయ చిత్రాలు వేద్దామన్న ఆలోచన నాదే. మేం సినిమాలు వేసుకునేది ఒక పాత గ్రంథాలయం మేడ మీది హాల్లో. దాని మేనేజరుకి ఈ మాట చెప్పగానే మొహం మారింది. పాటలున్న సినిమాలేవన్నా వేసుకోవచ్చు కదా అని బతిమాలాడు. చివరికి భాయ్ ముఖం చూసి ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. కింద పేపర్లు చదువుకునే పెద్దవాళ్లకి పైనుంచి ఒక్క అరుపు వినపడినా సరే, హాలుకి తాళం వేసేస్తాడు. భాయ్ మాటిచ్చారు. ఆ హాలు కోసం ఆయన ఎన్ని గడపలు ఎక్కి దిగారో నాకు తెలుసు. పెళ్లిళ్ల హాళ్లు మాకు అందవు. అది పోతే క్లబ్బు పోయినట్టే.

సినిమాల పెట్టెలు మద్రాసు నుంచి రైల్లో వచ్చేవి. వాళ్లు పంపిన జాబితాలో ఒక్కో సినిమా గురించి రెండేసి వాక్యాలు ఉండేవి. నాలుగో ఆదివారానికి ఒక విదేశీ చిత్రం అనుకున్నాం. మిల్లులో సమ్మె దాని కథ. ఎలా ఉంటుందని భాయ్ అడిగితే, హైదరాబాదులో చూశాను, అద్భుతం అన్నాను. నిజానికి హైదరాబాదులో నేను చేసింది ఆ సినిమా టికెట్టు కోసం లైన్లో నిలబడటం. టికెట్లు అయిపోయాయి. నా ముందు నిలబడ్డ పెద్దమనిషికీ దొరకలేదు. ఆయన ఎవరి దగ్గరో విన్న కథ నాకు చెప్పాడు. నేను బిర్యానీ తిని బస్సెక్కాను.

ఆ కథనే కరపత్రంగా వేయించాను. ‘చివరికి కార్మిక నాయకుడు యాజమాన్యంతో ఒప్పందం మీద సంతకం పెట్టే దృశ్యం మీ గుండెను పిండేస్తుంది’ అని రాశాను. నా గుండెను పిండినట్టే రాశాను.

మొదటి మూడు ఆదివారాలూ చల్లగా గడిచాయి. ఒక పార్టీ వాళ్లు కిటికీల వైపు, రెండో పార్టీ వాళ్లు గోడ వైపు కూర్చునేవాళ్లు. కిటికీల వైపు వాళ్లకి పెద్ద, రైల్వేలో రిటైరైనాయన. గోడ వైపు పెద్దకి హనుమాన్ జంక్షన్‌లో లారీ సామాన్ల కొట్టు. ఇద్దరూ బావా బావమరుదులు. పార్టీ చీలినప్పుడు వీళ్లూ చీలారు. రైల్వే ఆయన భార్య, అంటే జంక్షన్ ఆయన అక్క, టిఫిన్ క్యారియర్‌తో వచ్చి మధ్య దారి పక్క కుర్చీలో కూర్చునేది. విరామంలో ఇద్దరూ ఒకే క్యారియర్‌లోంచి పులిహోర తినేవాళ్లు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా.

నాలుగో ఆదివారం రైలు ఆలస్యమైంది. ప్రొజెక్టర్ నడిపే అతను పెట్టె కోసం స్టేషన్లో కూర్చున్నాడు. సాయంత్రం నాలుగింటికే హాలు నిండిపోయింది. పెట్టె వచ్చేదాకా సినిమా గురించి కాసేపు చెప్పండి అన్నారు భాయ్. నన్ను అలా అడగకూడదు. నేను సమ్మెను వర్ణించాను, మిల్లు గేటును వర్ణించాను, నాయకుడు సంతకం పెట్టడాన్ని మరీ వర్ణించాను.

రైల్వే ఆయన లేచి, ఆ నాయకుడు చేసింది మంచి పనే, పిల్లల కడుపు మాడకుండా చూశాడన్నాడు. జంక్షన్ ఆయన ఆగలేకపోయాడు.

“మీ పార్టీకి సంతకాలు అలవాటే కదా బావగారూ. పెన్ను ఎప్పుడూ జేబులోనే ఉంటది.”

“ఉంటే తప్పేంటయ్యా బామ్మర్దీ? మీకు సమ్మె మొదలెట్టడం వచ్చుగానీ ఆపటం రాదు. మీరు ఆపేలోపు కూలోడి పొయ్యి ఆరిపోద్ది.”

తర్వాత ఇద్దరూ నన్ను సాక్షిగా పట్టుకున్నారు. సంతకం పెట్టేటప్పుడు అతని మొహం ఎలా ఉందని ఒకరు అడిగారు. కన్నీళ్లు తిరిగాయన్నాను. యజమాని చెయ్యి కలిపాడా అని రెండోవారు అడిగారు. కలిపాడన్నాను. ఒక్కో జవాబుకి ఒక్కో వైపు కుర్చీలు కిర్రుమన్నాయి. కాసేపటికి సగం హాలు లేచి నిలబడి మాట్లాడుతోంది. మిగతా సగం వాళ్లని కూర్చోమని ఇంకా గట్టిగా చెబుతోంది.

మేనేజరు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో తాళం ఉంది.

“భాయ్, మీరు మాటిచ్చారు” అన్నాడు. గొంతు పెంచలేదు.

భాయ్ జేబులోంచి రుమాలు తీసి అద్దం తుడుస్తున్నట్టు అరచేతులు తుడుచుకున్నారు. ఆయన అంతగా చిన్నబోవడం చూడటం అదే మొదటిసారి. నేను ముందుకొచ్చాను. అప్పుడైనా నిజం చెప్పానా అంటే లేదు. ఆ సినిమా చూసి చాలా కాలమైంది, ఆ దృశ్యం కచ్చితంగా గుర్తులేదు అని నసిగాను.

భాయ్ నా వైపు తిరిగారు. “చూశారా, చూళ్లేదా? ఒక్క మాట చెప్పండి.”

“చూళ్లేదు భాయ్. టికెట్టు దొరకలేదు. లైన్లో ఒకాయన చెప్పిన కథ అది.”

మేనేజరు తాళాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశాడు.

“మరి ఇందాకట్నించి వీళ్లు దేని గురించండీ కొట్టుకుంటున్నది?”

మొదటి నవ్వు క్యారియర్ పట్టుకున్న ఆవిడది. “మా పెళ్లైన కాడ్నించీ ఇంతేనండి మేనేజరుగారూ” అంది. ఆ తర్వాత కిటికీల వైపూ గోడ వైపూ ఒకేసారి నవ్వు లేచింది. కింద పేపర్లు చదివే పెద్దవాళ్లు కూడా మెట్ల మీదికొచ్చి సంగతేంటని అడిగారు. జంక్షన్ ఆయన వాళ్లకి నా కథ మొదట్నించీ చెప్పాడు, బిర్యానీ ఒక్కటి తప్ప. అది ఇప్పటిదాకా నేనెవరికీ చెప్పలేదు.

ఇంతలో రిక్షాలో పెట్టె వచ్చింది. తాళం ఒళ్లో పెట్టుకుని మేనేజరు ముందు వరసలో కూర్చున్నాడు, ఆ నాయకుడు సంతకం పెడతాడో లేదో తేల్చుకుని పోదామని.

సినిమాలో నాయకుడే లేడు. సమ్మె చేస్తున్న వాళ్లకి వండిపెట్టే ఆడవాళ్ల కథ అది. ఒక పెద్ద డేగిశా, దాని కింద తడి కట్టెల పొగ, గంటె కోసం ఇద్దరు ముసలమ్మల తగాదా. చివర్లో ఆ డేగిశా తోమి బోర్లిస్తారు. అంతే. తెర మీది కుట్టు ఆ డేగిశాకి సరిగ్గా మధ్యలో పడింది.

దీపాలు వెలిగాక జంక్షన్ ఆయన దారి దాటి అవతలికి వెళ్లాడు.

“సంతకం ఏది బావగారూ?”

“కార్యదర్శిగారి జేబులో ఉందంట. అడుగు.”

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునే నవ్వారు. ఆవిడ క్యారియర్ మూత తీసి మేనేజరుకి కూడా పులిహోర పెట్టింది. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, తాళమూ చెవీ భాయ్ చేతిలో పెట్టాడు. ఇవాళ మీరే వేసుకుని పొద్దున చెవి కొట్టునుంచి పంపించండి అన్నాడు. మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగి, వచ్చే నెల కూడా వేసుకోండి, కానీ కార్యదర్శిగారు మాట్లాడేది సినిమా అయ్యాకే అన్నాడు. క్లబ్బుకి నియమావళి అంటూ ఏదైనా ఉంటే ఆ ఒక్క ముక్కే.

మర్నాడు బ్యాంకు అవ్వగానే క్షమాపణ చెప్పుకోడానికి భాయ్ కొట్టుకి వెళ్లాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. అప్పుడే కట్టిన ఒక పటం తీసి చూపించారు. అద్దం వెనక నా కరపత్రం. దాన్ని తీసుకెళ్లి రెండు పార్టీల నాయకుల పటాల మధ్య మేకుకి తగిలించారు. ఎవరైనా అదేంటని అడిగితే మా కార్యదర్శిగారు రాసిన కథ, బాగుంటుంది చదవండి అనేవారు.

తర్వాత డీవీడీలు వచ్చాయి, రైలు పెట్టెల పని లేకుండా పోయింది, క్లబ్బు మెల్లగా ఆగిపోయింది. కొట్టు మాత్రం ఉంది. ఆ పటం ఇప్పించమని చాలాసార్లు అడిగాను, ఇవ్వలేదు. సాయంత్రాలు అక్కడ కూర్చున్నప్పుడు ఏ ప్రభుత్వం గురించో, ఎవరి కాపురం గురించో నేను గొంతు సవరించుకుంటే, భాయ్ గుడ్డ తీసుకుని లేచి ఆ పటం అద్దం తుడవడం మొదలుపెడతారు. నేను టీ గ్లాసు అందుకుంటాను.