నీకేం వినిపిచ్చింది?

మా స్టేషన్ మేనేజర్ సార్ పోయారని పోయిన వారం బసవరాజు ఫోన్ చేశాడు. పొద్దున్నే ఇంట్లో గుండె పట్టేసిందట, ఆసుపత్రి దాకా కూడా చేరలేదట. తర్వాత మెల్లగా, "నీకేం వినిపిచ్చిందప్పా, చెప్పు" అన్నాడు. బయటివాళ్లు వింటే వీడికి మతి పోయిందనుకుంటారు. నాకు మాత్రం ఆ మాటతోనే ఏడుపొచ్చింది. "సార్ పోయినారని వినిపిచ్చింది" అన్నాను. "సరే" అని పెట్టేశాడు.

మాది బళ్లారి దగ్గర చిన్న విమానాశ్రయం. వచ్చేవి చిన్న విమానాలు, అవీ రోజుకు ఒకటో రెండో. నేనూ బసవరాజూ సామాన్లు ఎక్కించి దించే లోడర్లం, కాంట్రాక్టు మనుషులం. నాది కురుగోడు, ఇంట్లో తెలుగు. అతనిది చోరనూరు, ఇంట్లో కన్నడం. సార్‌ది బళ్లారి బజారులో తరాలుగా బట్టల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో దింపేవారు.

విమానం రాకముందు రోజూ మీటింగు ఉండేది. కుర్చీలు లేవు, షెడ్డు నీడన అందరం నిలబడాల్సిందే. సార్ చేతిలో స్టీలు గ్లాసు నిండా కాఫీ. షుగరుండి కూడా చక్కెర మానని మనిషి, ఆ ఒక్క విషయంలో పెళ్లాం మాట కూడా వినలేదు. "కాఫీ చల్లారినాక కూడా మాట్లాడితే అది మీటింగు కాదప్పా, హరికథ" అనేవారు. గాలి ఎట్లుంది, వీల్‌చైర్లు ఎన్ని, ఎవరికి ఒంట్లో బాగాలేదు, అంతే. చివర్లో ఎవరో ఒకరి వైపు తిరిగి "నీకేం వినిపిచ్చింది?" అనేవారు. ఊడ్చే నాగమ్మత్త కావచ్చు, ఇంజనీరు కావచ్చు. విన్నది మన మాటల్లో మళ్లీ చెప్పాలి. మొదట్లో నాకు ఒళ్లు మండేది. మేమేమన్నా ఒకటో తరగతి పిల్లలమా అని గొణిగితే ఆయన చెవిన పడింది. "మీటింగంటే నేను చెప్పేది కాదు రమణా, మీరు వినేది" అన్నారు. కోపమేమీ లేదు.

ఆయన మాట విలువ నాకు తెలిసిన రోజు ఒకటుంది. ఆ రోజు నేను హోల్డులో, అంటే విమానంలో సామాన్లు పెట్టే గదిలో, పెట్టెలు సర్దుతున్నాను. ఒక వీల్‌చైరు అడ్డం పడి పని సాగలేదు. "లోడింగ్ ఆగింది" అని కిందున్న బసవరాజుకు అరిచి, వంగి దాన్ని లాగుతున్నాను. తలుపు మూసుకుపోయింది. కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. బయట జనరేటరు మోత, ఎంత గుద్దినా ఎవరికీ వినపడదు. నా పని అయిపోయిందనే అనుకున్నాను. కింద సార్ చుట్టూ చూసి "రమణ యాడప్పా?" అని అడగబట్టి తలుపు తెరుచుకుంది.

బసవరాజును పనిలోంచి తీసేస్తానన్నాడు కాంట్రాక్టరు. ఆ ఇంట్లో అతనొక్కడిదే సంపాదన. మర్నాడు మీటింగుకు కాంట్రాక్టరు కూడా వచ్చి నిలబడ్డాడు.

తప్పెవరిదని సార్ అడగలేదు. "నువ్వేమన్నావు?" అన్నారు నాతో.

"లోడింగ్ ఆగింది అన్నా సార్."

"నీకేం వినిపిచ్చింది?"

బసవరాజు తల ఎత్తలేదు. "ఆగిదె అంత కేళిస్తు సార్" అన్నాడు, 'ఆగిదె' అని వినిపించిందని.

కన్నడంలో 'ఆగిదె' అంటే అయిపోయిందని. మన 'ఆగింది' అంటే నిలిచిపోయిందని. లోడింగ్ అయిపోయిందనుకొని అతను తలుపు మూసేశాడు. ఇన్నేళ్లూ పక్కపక్కన పనిచేస్తూ ఇద్దరికీ తట్టలేదు. సార్ కాంట్రాక్టరు వైపు తిరిగి, "తీసేయాల్సింది మాటనప్పా, మనిషిని కాదు. ఇంక ఈడ ఎవరూ ఆగింది అనకూడదు. పని అయితే ముగిసింది, మధ్యలో ఉంటే నిలిచింది. ఈ రెండు మాటలకూ రెండు భాషల్లోనూ అర్థం మారదు" అన్నారు.

"సరే సార్, మీ పూచీ మీద ఉంచుతా. అయితే తలుపు పని వాడే చేయాల. చేయకపోతే నాకొద్దు" అన్నాడు కాంట్రాక్టరు.

విమానం వచ్చింది. ప్రయాణికులు దిగిపోయారు, సామాన్లు దించాం. బసవరాజు తలుపు దగ్గరికి పోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నన్ కైలి ఆగల్ల సార్" అన్నాడు, తన వల్ల కాదని. కాంట్రాక్టరు అక్కడే చూస్తున్నాడు. బసవరాజు ఉద్యోగం ఇంక పోయినట్టే అనుకున్నాను.

సార్ గ్లాసు నా చేతికిచ్చి, ఆ వయసులో, ఇస్త్రీ చొక్కాతో హోల్డులోకి ఎక్కి చతికిలబడ్డారు. "మూయప్పా. నేను తెరువు అంటే తెరువు" అన్నారు.

"వద్దు సార్."

"నీ మీద నమ్మకం లేకుంటే ఎక్కుతానా? మూయి."

బసవరాజు మూశాడు. మూసీ మూయగానే తెరిచేశాడు.

"నేనింకా తెరువు అనలేదు కదప్పా" అన్నారు సార్ లోపల్నుంచి.

"నాకి వినిపిచ్చింది సార్" అన్నాడు బసవరాజు.

సార్ నవ్వుతూ దిగారు. తెల్లచొక్కా వీపంతా మా ఊళ్ల ఎర్రదుమ్ము. బసవరాజు కళ్లు కూడా తుడుచుకోకుండా రెండు చేతులతో ఆ దుమ్ము దులుపుతుంటే, సార్ చిన్నపిల్లాడిలా చేతులు చాపి, అటు తిరగమంటే అటు, ఇటు తిరగమంటే ఇటు తిరుగుతూ నిలబడ్డారు.