కాళ్ళు మారిన పాత్ర

కమగ్వేయ్ ఊళ్ళోని బాలే బృందానికి 'ఉప్పుమడుల పిల్ల' అనే పాత నృత్యనాటకం ఒకటుండేది. దాన్నెవరూ రాసిపెట్టలేదు, వీడియో తీయలేదు. ఆడినవాళ్ళ ఒంట్లోనే అది బతుకుతూ వచ్చింది. ఇప్పుడు ఒక్క ఎనైదా ఒంట్లో మిగిలింది. ఆమెకు డెబ్బై దాటాయి. శనివారం ఆమె శిష్యురాలు యైలీన్ ఆ నాయిక వేషంలో నిలబడలేకపోతే నాటకాన్నే ఎత్తేస్తామని బృందం పెద్ద చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. కిటికీలన్నీ తెరిచి ముసలి ఎవేలియో పియానో వాయిస్తున్నాడు. ప్రియుడి పడవ వెళ్ళిపోయిందని తెలిసి ఆ పిల్ల వెనక్కి తిరిగే ఘట్టం. ఎనైదా కుర్చీ పట్టుకుని, కాళ్ళతో కొంత, చేతులతో కొంత చూపించింది. యైలీన్ అచ్చుగుద్దినట్టు దించింది. తిరగబోయే ముందు మడమ నేలకు ఆన్చి, రవ్వంత ఆగి, తిరిగింది.

"ఆగాగు. ఆ మడమేంటే?"

"మీరు చేసిందేగా టీచరమ్మా. ఇంట్లో వంటగట్టు పట్టుకుని తెగ సాధన చేశా."

"ఓసి పిచ్చిమొహమా! అది పాత్ర కాదే, నా మోకాలు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ దాన్ని బతిమాలుకోందే తిరగనివ్వదు."

ఎవేలియో పకపకా నవ్వాడు. "మోకాలు కూడా ఆస్తిలో రాసిచ్చేస్తున్నావన్నమాట!"

"నువ్వు నోర్మూసుకుని వాయించు. నీ వేళ్ళు ఎన్ని స్వరాలు మింగేస్తున్నాయో చెప్పమంటావా?"

యైలీన్ నవ్వలేదు. "మరి తల ఓరగా తిప్పడం? అదీ మీదేనా?"

అది ఎనైదాది కాదు, ఆమెకు నేర్పిన ఓర్తెన్సియాది. ఆవిడకు ఒక చెవి వినిపించేది కాదు. పాట అందుకోవడానికి రెండో చెవిని పియానో వైపు తిప్పేది. ఎనైదా చెవులు రెండూ బాగున్నా, ఆ తిప్పడాన్ని జీవితమంతా మోసింది. పోయిన పడవ చప్పుడు కోసం ఆ పిల్ల వింటోందనుకుని జనం కళ్ళొత్తుకునేవాళ్ళు.

"అది ఓర్తెన్సియా చెవుడే," అంది ఎనైదా.

"తీసేయనా?"

"నేను తీయలేకపోయాను తల్లీ. నువ్వు చేసి చూడు. నన్ను చూడకుండా."

ఎనైదా కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళి యైలీన్ వెనక కూర్చుంది. పియానో మళ్ళీ మొదలైంది. ఈసారి మడమ ఆగలేదు. తల ఓరగా తిరిగింది. ఆ తర్వాత గుండెల మీద ముడవాల్సిన చేతుల్లో ఒకటి జారి, పడవ తాడు వదిలేసినట్టు గాల్లో తెరుచుకుని ఉండిపోయింది.

తప్పని చెప్పడానికి ఎనైదా పెదవులు విడివడ్డాయి. ఎవేలియో అది చూసి పియానో మీంచి వేళ్ళు ఎత్తాడు.

"నిన్నెవరాపమన్నారు?" అంది ఆమె, గొంతు తగ్గించి.

ఘట్టం ముగిశాక యైలీన్ రొప్పుతూ వెనుదిరిగింది. "చెయ్యి తప్పిపోయింది టీచరమ్మా. మళ్ళీ చేస్తా."

"దాన్ని ముట్టుకోకు. శనివారం అలాగే తెరువు."

తన రెండు చేతులూ గుండెల మీద ముడుచుకుని ఉన్నాయని ఎనైదా అప్పుడు గమనించింది. మెల్లిగా వాటిని ఒళ్ళోకి దించుకుంది.