పెట్రోలు చారు

ఆస్పత్రిలో ఉన్న మనిషికి ఇంటి నుంచి ఏం తీసుకెళ్తారు? మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు, ఒలిచిన దానిమ్మ గింజలు. నేను మా బావకి పెట్రోలు కలిసిన చారు తీసుకెళ్ళాను. అదీ ఆవాలు, ఎండుమిర్చి పోపు పెట్టి, పైన కొత్తిమీర చల్లి మరీ. ఈ ఘనకార్యం వినాలని ఉంటే కాస్త ముక్కు మూసుకుని కూర్చోండి.

అప్పుడు నేను అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నాను. ఆ రోజుల్లో అమీర్‌పేట రోడ్డు మీద రాయి విసిరితే జావా నేర్చుకునేవాడికి తగిలి, ఎగిరి, జావా నేర్పేవాడికి తగిలేది. తణుకు నుంచి వచ్చిన నన్ను బావ హాస్టల్‌కి పోనివ్వలేదు. "ఇల్లుండగా ఆ నీళ్ళ సాంబారు తాగే ఖర్మ నీకేంటిరా చిన్నా" అని బల్కంపేటలో తామున్న రెండు గదుల ఇంట్లోనే ఒక మంచం వేయించాడు. మంచం వేశాక మనుషులు నడవడానికి చోటు మిగల్లేదు. పిల్లల్లేని ఇల్లు, నన్నే ఇంటి పిల్లాడిగా చూసుకున్నారు పద్మక్కా, బావా ఇద్దరూ.

బావ పంపుసెట్లు అమ్మేవాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆయనకి ఒకటే మోటార్ సైకిల్. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే తప్ప కదలని పాతరకం బండి. స్టార్ట్ చేస్తే నీలం పొగ వీధి చివరిదాకా వెళ్ళి అందరినీ పలకరించి వచ్చేది. ఆ బండిని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. నేను ఒకసారి సీటు మీద చేయి వేసి నిలబడితే, "అలిసిపోయావా? లోపల కుర్చీ ఉంది" అన్నాడు.

అలాంటి మనిషి కామెర్లని పడుకున్నాడు. కామెర్లు తగ్గలేదు. కాలేయం దెబ్బతిందన్నారు. పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో చేర్చాం. పద్మక్క పగలూ రాత్రీ అక్కడే. నేను పొద్దున క్లాసు చూసుకుని, అన్నం వండి, చారు పెట్టి మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళేవాణ్ణి. చారు ఒక్కటే నాకు వచ్చిన వంట.

ఒకరోజు డాక్టరుగారు అక్కనీ నన్నూ వరండాలోకి పిలిచి, "ఇక్కడ మేము చేయగలిగింది ఇక లేదమ్మా. ఇంటికి తీసుకెళ్ళి ఆయనకి ఇష్టమైనవి చేసిపెట్టండి" అన్నారు. అక్క చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, వార్డు తలుపు ముందు ఆగి, నవ్వు తెచ్చిపెట్టుకుంది. "నోరు జారావంటే నీ సంగతి చెప్తాను" అని నాకు చెప్పి లోపలికి వెళ్ళింది.

"ఏమన్నాడు డాక్టరు?" అన్నాడు బావ.

"గుణం కనిపిస్తోందట. వచ్చే వారం ఇంటికి వెళ్ళిపోవచ్చట" అంది అక్క.

"అయితే ఆటోలూ గీటోలూ వద్దు. చిన్నా, ఆ రోజు నా బండి తీసుకురా. మీ అక్కని వెనకాల ఎక్కించుకుని నేనే తోలుకుని వస్తాను. బండి ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది బావా."

బ్రహ్మాండం కాదు గదా, బండి కన్నీరు కారుస్తోంది. కార్బొరేటర్ నుంచి టప్... టప్... అని పెట్రోలు. కింద గచ్చు మీద మడుగు. మా ఓనరమ్మ ఆ పొద్దున్నే నా మీద కేకలేసింది.

"ఓ చిన్నా! గీ బండికేమన్న రోగమొచ్చిందా? ముగ్గేద్దామని వంగితే కండ్లు తిరుగుతున్నయి. ఎవడన్న బీడీ ముట్టిస్తే మనందరం బల్కంపేట దాటి ఏడనో పడతం!"

"రెండ్రోజుల్లో బాగుచేయిస్తానండీ."

మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే పోయేది. కానీ నాకెందుకో నా చేత్తోనే బాగుచేయాలనిపించింది. ఆస్పత్రిలో నా చేతులకి పనేమీ లేదు. బావ నొప్పి తగ్గించలేను, అక్క ఏడుపు ఆపలేను. కనీసం ఈ కారడమన్నా ఆపుదామనుకున్నాను.

పైగా నేను ప్రోగ్రామింగ్ చదువుతున్నవాణ్ణి. ఏ వస్తువునైనా ముక్కలుగా ఎలా విడదీయాలో మా సార్ అప్పటికే చెప్పారు. తిరిగి కలపడం ఇంకా సిలబస్‌లోకి రాలేదు.

శుక్రవారం పొద్దున క్లాసు ఎగ్గొట్టి, బావ పనిముట్ల సంచీ తెరిచాను. కార్బొరేటర్ కింద గిన్నెలాంటి భాగం ఉంటుంది. దాని స్క్రూలు విప్పగానే గిన్నె, దాంట్లోని సామాను, పెట్రోలు అన్నీ కలిసి నా ఒళ్ళోకి వచ్చాయి. అన్నిటినీ న్యూస్‌పేపరు మీద పరిచి, తుడిచి, ఊది, దండం పెట్టి, మళ్ళీ బిగించాను. ఎంత బాగా బిగించానంటే, చివరికి సూదిలాంటి చిన్న పిన్ను ఒకటి పేపరు మీద మిగిలింది.

"పాత బండి కదా, అదనంగా ఏదో పెట్టి ఉంటారు" అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నవ్వకండి.

అంతకుముందు చుక్కలుగా కారేది ఇప్పుడు ధారగా కారడం మొదలుపెట్టింది. పెట్రోలు లీకుకి సబ్బు రాస్తే ఆగుతుందని ఎవరో చెప్పగా విన్నాను. ఒంటిసబ్బు తెచ్చి దొరికినచోటల్లా రుద్దాను. లీకు ఆగలేదు, బండికి తలంటు పోసినట్టు అయింది. ఇంతలో అన్నం వేళ దాటిపోతోంది. కింద ఒక బకెట్ పెట్టి వంటింట్లోకి పరిగెత్తాను.

ఇక్కడే నా తెలివి పూర్తిగా వికసించింది. ఆ పిన్నుని దారిలో మెకానిక్‌కి చూపిద్దామనుకున్నాను. మురికి వదులుతుందని, ఆవకాయ పెట్టుకునే చిన్న డబ్బాలో కాస్త పెట్రోలు పోసి, పిన్నుని అందులో వేశాను. ఆ డబ్బాని క్యారియర్లో, చారు గిన్నె మీద కూర్చునే పైగిన్నెలో పెట్టాను. జేబులో ఎందుకు పెట్టలేదని అడక్కండి. ఇన్నేళ్ళుగా నన్ను నేను అదే అడుగుతున్నాను.

మెకానిక్ షట్టర్ దించి నమాజుకి వెళ్ళాడు. నేను షేర్ ఆటో ఎక్కాను. కాసేపటికి అందరూ ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు.

"ఏంది భయ్, పెట్రోల్ వాసన ఏడికెళ్ళి వస్తుంది? నాది గ్యాస్ బండి గదా!" అని డ్రైవరు ఆటో ఆపి కిందికి వంగి చూశాడు. నేను కూడా దిగి, వంగి, చాలా శ్రద్ధగా చూశాను.

వార్డులో అక్క క్యారియర్ విప్పింది. దారిలో కుదుపులకి డబ్బా మూత ఎప్పుడు ఊడిందో, పైగిన్నె ఎప్పుడు ఒలికిందో తెలియదు. అక్క అన్నంలో చారు పోసింది. నిద్ర లేక ఆమెకి వాసన కూడా తెలిసే స్థితి లేదు. చారు మీద కొత్తిమీర, దాని చుట్టూ ఏడు రంగుల తెట్టు మెరుస్తున్నాయి.

బావ కంచం మీదికి వంగాడు. ఆగాడు. మళ్ళీ వాసన చూశాడు. కొన్ని వారాలుగా దేన్నీ పట్టించుకోని ఆ పసుపుపచ్చ కళ్ళు మెల్లగా నా వైపు తిరిగాయి.

"చిన్నా..."

"ఏంటి బావా?"

"ఆయిలు కాస్త ఎక్కువైందిరా. పొగ కొడుతుంది."

పక్క మంచం మీది ఖాజా భాయ్ ముందు నవ్వాడు. ఆయన దర్జీ, కిడ్నీలో రాయి కోసం చేరాడు, నవ్వితే నొప్పి. "యా అల్లా, నవ్వియ్యకుండ్రి" అంటూనే నవ్వాడు. అప్పుడు బావ నవ్వాడు. ఆ నవ్వుకి సెలైన్ స్టాండ్ కూడా ఊగింది. అక్క ఒక్క క్షణం బిత్తరపోయి, కంచం వాసన చూసి, నా వీపు మీద ఒకటి వేసి, తనూ నవ్వడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర తెచ్చిపెట్టుకున్న నవ్వు కాదది.

నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. "వార్డుల పెట్రోల్ వాసనేంది? ఎవరు తెచ్చిన్రు?"

"నా మోకాళ్ళ తైలం సిస్టర్" అన్నాడు ఖాజా భాయ్.

"నీకు రాయి కిడ్నీల ఉన్నది గదా, మోకాళ్ళకెందుకు?"

"నొప్పి తిరుగుతుంటది సిస్టర్. ఒక్క జాగల ఉండదు."

ఆమె కిటికీలన్నీ తెరిచి, మా అందరినీ కళ్ళతోనే తిట్టి వెళ్ళింది. అక్క గిన్నెలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. బావ చారుతో పాటు కంచంలో పడ్డ ఆ పిన్నుని దుప్పటికి తుడిచి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"బండి విప్పావా?"

"విప్పాను బావా. కారుతోంది. నీకు తెలియకూడదని..."

"లోపల పెట్రోలు నిండగానే దారి మూసే ఫ్లోట్ అని ఒకటుంటుంది. ఈ పిన్ను దాన్ని పట్టుకుని ఉంటుంది. ఇది బయటుంటే పెట్రోలు ఎలా ఆగుతుందిరా, వెర్రి వెధవా?" కోపంగా అనలేదు. పిన్నుని నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు. తర్వాత తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నేను బండి తోలలేనని నాకు తెలుసు."

నేను మూసిన పిడికిలి వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఊరూరా తిరిగి పంపులు అమ్మినవాణ్ణి. కొనేవాడెవడో, కొననివాడెవడో మొహం చూస్తే చెప్తాను. డాక్టరు మొహం నాకు తెలియదా? మీ అక్క ఆ తలుపు బయట నవ్వు సర్దుకుని లోపలికొస్తుంది. చూడలేకపోతున్నాను. బండి మీద వెళ్దామంటే కాసేపు సంతోషిస్తుందని అన్నాను. నువ్వే తోలు. నేను వెనకాల కూర్చుంటాను. నాకు తెలుసని దానికి చెప్పకు."

అలా నేను ఇద్దరి రహస్యాలూ మోస్తూ ఇంటికొచ్చాను. ఆ బరువు ముందు నా పెట్రోలు కంపు నాకే తెలియలేదు.

సాయంత్రం పిన్ను దాని చోట్లో పెట్టి బిగించాను. కిందికి వంగి చూశాను. చుక్క లేదు. మర్నాడు చూశాను. గచ్చు పొడిగా ఉంది. ఓనరమ్మని పిలిచి మరీ చూపించాను. "సాఫ్ట్‌వేరోనివి నీకు గివన్ని సుత వస్తయా!" అందామె. నేను వినయంగా తల దించుకున్నాను. డిశ్చార్జి రోజు వరకు బండి బయటికి తీయలేదు. తుడిచి, పాత దుప్పటి కప్పి, దాచాను.

ఆ రోజు పదిహేను తన్నులు తన్నితే స్టార్ట్ అయింది. చాలా రోజులైంది కదా, అలిగిందనుకున్నాను. ఆస్పత్రి దగ్గర అక్క ఆటో అంటే బావ బండి అన్నాడు. ఎవరిమాట నెగ్గిందో మీకు తెలుసు. సామాన్లతో అక్క ఆటోలో వెనకాలే వస్తోంది. బావ నా వెనక కూర్చుని భుజాలు పట్టుకున్నాడు. ఆ చేతుల్లో బరువే లేదు. నేను రోడ్డు మీద కాకుండా గుడ్ల మీద తోలుతున్నట్టు తోలాను.

సరిగ్గా అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల ముందు, పాంప్లెట్లు పంచేవాళ్ళ మధ్యలో బండి దగ్గింది. రెండుసార్లు ఎగిరింది. ఆగిపోయింది.

బావ ముందుకి వంగి ట్యాంకు మీద వేలితో కొట్టాడు. ఖాళీ బిందె మోగినట్టు మోగింది. మూత తీసి లోపలికి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"లీకు ఎలా ఆగిందో ఇప్పుడు తెలిసిందిరా."

పాఠకులారా, నా రిపేరు రహస్యం ఇదీ. లీకు ఆగింది, ఎందుకంటే కారడానికి లోపల ఏమీ మిగల్లేదు. ఆ శుక్రవారం నేను ఆస్పత్రిలో ఉండగా ట్యాంకంతా బకెట్లోకి దిగింది. బకెట్ నిండిందని, పైన సబ్బు తేలుతుంటే ఓనరమ్మ బండి కడిగిన "గలీజు నీళ్ళు" అనుకుని మోరీలో పారబోసింది. అడుగున మిగిలిన కాసిని చుక్కలతో బండి ఇంతదూరం వచ్చింది.

అక్క ఆటో దిగి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందిరా? అందుకే ఆటో అన్నాను!"

"బంకు దగ్గర్లోనే ఉందక్కా. సీసా పట్టుకెళ్ళి ఇప్పుడే తెస్తాను."

"వద్దు" అన్నాడు బావ. ముందుకి జరిగాడు. హ్యాండిల్ పట్టుకున్నాడు. "తొందరేముంది? నువ్వు తొయ్యి. నేను తోలతాను. పద్మా, ఎక్కు."

"ఏమండీ, రోడ్డు మీద అందరూ చూస్తున్నారు..."

"చూడనీ. ఎక్కు."

అక్క ఎక్కింది. పడిపోకుండా ఆయన్ని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు బండి తోలడం ఎలాగో ఆయనకి చేతులే గుర్తుచేశాయి. నడుము నిటారుగా అయింది. ఆటోవాడు సామాన్లతో వెనకాల మెల్లగా వస్తుంటే, నేను వంగి, దేవుడి రథం తోసినట్టు తోశాను. పాంప్లెట్ల కుర్రాడొకడు ఉండబట్టలేక వచ్చి నా పక్కన చేయి వేశాడు. తోస్తూ తోస్తూ, "అన్నా, టెస్టింగ్ టూల్స్ కొత్త బ్యాచ్ ఉంది" అన్నాడు.

బావ మలుపు వచ్చినప్పుడల్లా హారన్ కొట్టాడు. ఇంజన్ లేని బండికి హారన్ ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అక్క ఆయన వీపుకి మొహం ఆనించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనకాల నాకు కనపడలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆ ఏడు ఆషాఢంలో బల్కంపేటలో బోనాల డప్పులు మోగకముందే బావ వెళ్ళిపోయాడు.

అక్క ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతుంది. మొన్న మాటల్లో ఆ రోజు ప్రస్తావన వచ్చి, ఎన్నోసారో మళ్ళీ అన్నాను: "బయలుదేరే ముందు మూత తీసి పెట్రోలు చూసుకుని ఉండాల్సిందక్కా. ఆ ఎండలో బావని అంతసేపు..."

అక్క దిద్దుతున్న లెక్కల పుస్తకం మూసింది. "చూసుకుని ఉంటే ఏమయ్యేదిరా? అయిదు నిమిషాల్లో ఇంటికొచ్చేసేవాళ్ళం."

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ బండి లీకు మీదా చేయి వేయను. అంత చక్కగా చెడగొట్టడం నా వల్ల మళ్ళీ కాదు.