పథ్యం తప్పినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు?

మీరు చివరిసారి “నాకు తెలుసు” అన్నది దేని గురించి? అది మీకు ఎలా తెలిసింది? కళ్లారా చూశారా, చేసి చూశారా, లేక నలుగురూ అంటుంటే మీరూ అన్నారా? తొందరపడి జవాబు చెప్పకండి. నేను ఇంగ్లీషు టీచర్‌ని. తొందరపడి వచ్చే జవాబులతోనే నా ఉద్యోగమంతా కొట్లాట.

అది 2023 వానాకాలం. సూర్యాపేటలో కొన్నేళ్లు, కోదాడలో కొన్నేళ్లు చేశాక నేరేడుచర్ల వైపు ఒక ప్రభుత్వ హైస్కూలుకు బదిలీ అయ్యాను. ఇల్లు మిర్యాలగూడలో. పొద్దున బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. నాట్ల కాలం కాబట్టి ఎనిమిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. వచ్చిన పిల్లలకు ఆ వారం రెండు మాటల తేడా చెప్పాలి: know, believe. తెలుసు, నమ్ముతున్నాను.

మన తెలుగులోనూ రెండు మాటలున్నాయి, కానీ మనం వాటిని కలిపేసి వాడతాం. రేపు వాన పడుతుందని తెలుసు అంటాం. పక్కింటివాడు దొంగ అని తెలుసు అంటాం. ఆ అలవాటే పిల్లల ఇంగ్లీషులోకి వస్తుంది. వాళ్లు ప్రతి వాక్యాన్నీ “ఐ నో” అనే మొదలుపెడతారు. అర్థం బోర్డు మీద రాసి “అర్థమైందా?” అని అడిగితే తరగతి మొత్తం ఒకే రాగంలో “అయింది మేడం” అంటుంది. ఆ రాగం వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గుంపు గొంతులో అర్థమైనవాడూ కానివాడూ ఒకటే. అందుకే మా వృత్తిలో కాన్సెప్ట్ చెకింగ్ అనే పద్ధతి ఉంది. అర్థమైందా అని అడగకుండా, అర్థమైతే తప్ప చెప్పలేని ప్రశ్న అడగడం.

ఆ పద్ధతి ప్రకారం గదిని రెండు చేశాను. కిటికీ వైపు “ఐ నో”, గోడ వైపు “ఐ బిలీవ్”. ఒక్కొక్కరు లేచి ఒక సంగతి చెప్పి, తమకు సరి అనిపించిన వైపు నిలబడాలి. కిటికీ వైపు నిలబడితే మిగతావాళ్లు “నీకెట్ల తెలుసు?” అని అడుగుతారు. జవాబు చెప్పలేకపోతే గోడ వైపుకు నడవాలి.

మొదటిరోజు నవ్వులే నవ్వులు. కాలువలో చేపలున్నాయని ఒకడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎట్ల తెలుసంటే, “పొద్దున తిని వచ్చిన” అన్నాడు. లెక్కల సారుకు కోపం ఎక్కువ అని ఒక అమ్మాయి చెబితే, రుజువుగా దెబ్బ తిన్న చెయ్యి చూపించడానికి ముగ్గురు లేచారు. ఆఖరున ప్రభుదాసు అనే పిల్లవాడు అడిగాడు.

“మేడం, దేవుడున్నడు అన్నది ఏ దిక్కు?”

కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో వాదనలు చేసినదాన్ని. నా జవాబు నాకుంది. కానీ పన్నెండేళ్ల పిల్లల మీద నా జవాబు రుద్దితే నేనూ ఇంకో పూజారినే అవుతాను.

“నువ్వు నిలబడు. నీ దిక్కేదో నువ్వే చెప్పు” అన్నాను.

వాడు గోడ వైపు నడిచాడు. “మా నాయన ప్రార్థనల నమ్ముతున్న అనే అంటడు మేడం. తెలుసు అని ఎన్నడు అనలే.”

ఇంతకంటే నిజాయితీ గల వాక్యం నేను ఏ సభలోనూ వినలేదు.

రెండు రోజుల తర్వాత, గురువారం పొద్దున, శిరీష అనే అమ్మాయి తరగతిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. సంచీ లేదు.

“ఏమైంది శిరీషా?”

“మా అమ్మను కుక్క కరిచింది మేడం. నిన్న నాట్లేసి వస్తాంటే. పిక్క మీద.”

“దవాఖానకు తీసుకుపోయారా?”

“లేదు. ఆదివారం మందుకు తోల్కపోతమంటున్నరు. మాడుగులపల్లి అవతల ఒక తాత పసరు పోస్తడంట. ఆదివారం తప్ప పొయ్యడంట. అప్పటిదాకా గాయానికి నీళ్లు తగలొద్దంట. మందు తాగినంక సూది ఏపిచ్చుకోవద్దంట. ఏపిచ్చుకుంటే మందు ఇరిగిపోతదంట.” అంతా చెప్పి అడిగింది. “మేడం, గిది ఐ నోనా, ఐ బిలీవా?”

పిచ్చికుక్క కాటుకు ఉన్న ఒకే ఒక మంచి సంగతి ఏమిటంటే, రోగం బయటపడేలోపు సూది పనిచేస్తుంది. బయటపడ్డాక దాదాపు ఏ మందూ పనిచేయదు. ఆ మధ్యలో ఉండే కొద్దిపాటి సమయాన్నే ఈ పసరు మింగేస్తుంది. గురువారం నుంచి ఆదివారం దాకా గాయం కడగకుండా కూర్చోబెడుతుంది, ఆ పైన సూదిని శత్రువును చేస్తుంది. పసరులో విషం లేకపోవచ్చు, ఆ నియమాల్లో ఉంది. హెడ్మాస్టరు గారికి చెప్పి, శిరీషతో పాటు నడిచాను.

ఇంట్లో సైదమ్మ, అంటే శిరీష తల్లి, మంచం మీద కూర్చుని ఉంది. పిక్క మీద పసుపూ సున్నమూ కలిపి పట్టించారు. తండ్రి వెంకన్న గడపలో నిలబడ్డాడు. శిరీష నానమ్మ నన్ను చూడగానే కొంగు సర్దుకుని కుర్చీ జరిపింది.

“కూసో మేడం. పోరి బడికి రాలేదని వచ్చినవా?”

“లేదమ్మా. సైదమ్మను దవాఖానకు తీసుకుపోదామని వచ్చిన.”

ముసలావిడ నవ్వింది. “దవాఖాన ఎందుకు మేడం? మా ఆయనను గూడ కరిచింది. గా పసరు పోసే పెద్దాయన తండ్రి దగ్గరనే మందు తాగిండు. ముసలోడై పోయిండు గని కుక్కతోని పోలె.”

నేను నోరు తెరిచేలోపే శిరీష అడిగింది. “నానమ్మ, తాతను కరిసిన కుక్కకు పిచ్చి ఉండెనా?”

“ఏమో, నాకేం ఎరుక. కరిసి ఉరికింది.”

“మరి పిచ్చి లేకుంటే? మందు తాగకున్నా బతికెటోడే గదా. మందే బతికిచ్చిందని నీకెట్ల ఎరుక?”

“సూసినవా మేడం, ఇంగ్లీషు సదివిపిస్తే గింత నోరొచ్చింది. రేపు అత్తగారింటికాడ గిట్లనే అడుగుతదా?”

“అడగాలి” అన్నాను. “తప్పకుండా అడగాలి.”

వెంకన్న మంచివాడే. భార్య బతకాలని అతనికీ ఉంది, దానికి ఊరంతా నడిచే దారే అతనికి తెలుసు. “మేడం, మాకు పరేషానే ఉంది. గని ఆయన దగ్గరికి పోయినోళ్లు మస్తుమంది. అందరు మంచిగనే ఉన్నరంటరు.”

“నంబరు ఉందా? ఇప్పుడే అడుగుదాం” అన్నాను. వెంకన్న ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. అవతలి గొంతు మెత్తగా, ఆదరంగా ఉంది. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటల్ని ఆయన మళ్లీ చెప్పుకొచ్చాడు. పరగడుపున రావాలి, నూనె తినొద్దు, కోడికూర ముట్టొద్దు, నెలరోజులు నీళ్లల్లో దిగొద్దు, సూది జోలికి పోవద్దు.

శిరీష ఫోన్ మీదికి వంగింది. “తాతా, కరిసిన కుక్కకు పిచ్చి ఉందా లేదా అని నువ్వు సూస్తవా?”

“కుక్కతోని నాకేం పని బిడ్డా? నేను మనిషిని సూస్త.”

“నీ మందు తాగినంక ఎవరన్న పోయిన్రా?”

అవతల ఆయన తడుముకోలేదు. “నా మందు తాగి ఎవ్వరు పోలే. పోయినోళ్లంత పథ్యం తప్పినోళ్లే.”

వెంకన్న ఫోన్ వంక చూస్తూ మెల్లగా అన్నాడు. “అంటే పోయినోళ్లు ఉన్నరు గదా పెద్దాయనా.”

“పథ్యం తప్పితే నేనేం జేస్త అయ్యా?”

“ఎంతమంది తప్పిన్రు?”

“గవన్ని లెక్కేసుకుంట కూసుంటరా ఎవరన్న? మీకు నమ్మకముంటే ఆదివారం రాండ్రి, లేకుంటే లేదు.” ఫోన్ పెట్టేశాడు.

ఆయనను నేను దొంగ అనను. తండ్రి చెప్పింది ఆయన నమ్మాడు. కానీ చూడండి ఆ మాట ఎంత కట్టుదిట్టంగా ఉందో. బతికితే మందు గొప్పతనం, చస్తే చచ్చినవాడి తప్పు. ఆ మాట ఓడిపోయే దారి ఒక్కటి కూడా లేదు. ఓడిపోయే దారి లేని మాటను పరీక్షించలేం. పరీక్షించలేనిదాన్ని “తెలుసు” అనే హక్కు ఎవరికీ లేదు, వాడు ఎంత పెద్దవాడైనా సరే. ఇదంతా నేను ఉపన్యాసంగా చెప్పబోయాను. నా అవసరం రాలేదు.

అప్పటిదాకా ఒక్క మాటా అనని సైదమ్మ కాలు కింద పెట్టింది. ఆ కరిచిన కాలు ఆమెది, అయినా ఆ పొద్దుటి నుంచి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

“నెలరోజులు నీళ్లల్ల దిగొద్దంటడు” అంది అత్తవైపు చూస్తూ. “నాట్లేసేదాన్ని. నీళ్లల్ల దిగకుంట నేనేడ ఉంట? నువ్వు దిగనిస్తవా, ఇంట్ల కూసోబెడ్తవా? రేపు నేను పోతే సైదమ్మ పథ్యం తప్పిందంటరు. సచ్చినంక గూడ తప్పు నాదే అయితది. నాకొద్దు గా మందు. నేను సూదికి పోత.”

నానమ్మ గొణిగింది. “గాయానికి నీళ్లు పడొద్దన్నడు గదనే.”

“నీళ్లే పడాలి” అన్నాను. “సబ్బుతో పడాలి.”

వాకిట్లో నల్లా దగ్గర కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో నేనే మొదలుపెట్టాను. పావుగంట సేపు ధార కింద కడగాలి, మధ్యలో ఆపొద్దు. పసుపూ సున్నమూ పోయాక పంటి గాట్లు కనిపించాయి, లోతుగానే ఉన్నాయి. నానమ్మ మొహం తిప్పుకుంది, కానీ చెంబు అందించింది. వెంకన్న రోడ్డు మీదికి పోయి ఆటో ఆపాడు.

మిర్యాలగూడ ప్రభుత్వ దవాఖానలో డాక్టరమ్మ గాయం చూసి, లోతైన కాటు కాబట్టి గాయం చుట్టూ ఒక మందు సూదితో ఎక్కించి, చేతికి టీకా వేసింది. మళ్లీ ఎప్పుడెప్పుడు రావాలో వెంకన్నకు చెప్పి, “ఒక్కటి తప్పినా నేను ఊరుకోను” అంది. సైదమ్మ అడిగింది. “అమ్మా, నీళ్లల్ల దిగొచ్చా?” గాయం మానేదాకా బురదలో వద్దు, ఆ తర్వాత నీ ఇష్టం అంది డాక్టరమ్మ. తినొద్దని ఏదీ చెప్పకపోవడం సైదమ్మకు కొంచెం అనుమానంగానే అనిపించింది. “కోడికూర గూడ తినొచ్చంట మేడం” అని ఆటోలో రెండుసార్లు అంది.

టీకాలన్నీ అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు. నాట్లు అయిపోయాక ఒకరోజు నానమ్మ బడి గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

“మేడం, సూది ఏపిచ్చినం గాబట్టే నా కోడలు బతికిందని ఊరందరికి చెప్తున్న.”

నాకు సంతోషం వేసింది. పక్కనే ఉన్న శిరీషకు మాత్రం వేయలేదు.

“గట్ల చెప్పకు నానమ్మ. ఆ కుక్క దొరకనే లేదు గదా. దానికి పిచ్చి ఉండెనో లేదో మనకు ఎరుకలేదు.”

“ఇగ సూడు, గప్పుడు మందు వద్దన్నది, గిప్పుడు సూది గూడ కాదంటది.”

“కాదంటలే. సూది పనిచేస్తదని ఎరుకే. మా అమ్మ బతికినందుకు గాదు. ఏసుకున్నోళ్లను, ఏసుకోనోళ్లను, బతికినోళ్లను, పోయినోళ్లను అందర్ని లెక్కేసి సూసిన్రు గాబట్టి. మేడం చెప్పింది. మేడం చెప్పిందని గాదు, డాక్టరమ్మను గూడ అడిగిన.”

నానమ్మ నావైపు చూసింది. “దీన్ని ఏం జేద్దాం మేడం?”

“ఏం చేయకండి. ఇలాగే ఉండనివ్వండి.”

భాష నేర్పడం అంటే మాటకు మాట కట్టడం అని చాలామంది అనుకుంటారు. నా అనుభవం నాకు వేరే చెప్పింది. రెండు మాటల తేడా నిజంగా తెలిసిన పిల్ల, ఆ తేడాను పరీక్ష పేపరులో వదిలేసి రాదు. ఇంటికి తీసుకుపోతుంది. తాతను అడుగుతుంది, నానమ్మను అడుగుతుంది, చివరికి తన వైపు మాట్లాడిన వాళ్లను కూడా వదలదు. తమకు నచ్చిన జవాబును కూడా ప్రశ్నించినప్పుడే అది ఆలోచన అవుతుంది, లేకపోతే ఒక నమ్మకం తీసేసి ఇంకొకటి పెట్టుకోవడమే. బడిలో ఇది నేర్పకుండా మార్కులు తెప్పించే టీచర్లకు నా మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఇప్పుడు మీ వంతు. సూర్యాపేట అయినా, కోదాడ అయినా, దామరచర్ల అయినా, మీ చుట్టుపక్కల ఇలాంటి పసరు పోసే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఎవరినైనా కుక్క కరిస్తే ఏ వారమూ చూడకండి, అప్పటికప్పుడే సబ్బుతో కడగండి, ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి. మీ వీధి పెద్దలు అడ్డం వస్తే, బతికినవాళ్ల పేర్లు చెప్పి మిమ్మల్ని ఒప్పించబోతే, తల ఊపకండి. పోయినవాళ్ల పేర్లు అడగండి. చెప్పేదాకా అడుగుతూనే ఉండండి.