ఆంథోని కంటే నిదానమైన పాట

ములకలపల్లి రైసుమిల్లులో ఇరవై ఆరేళ్లు మర పక్కన నిలబడ్డందుకు ఆంథోనికి మిగిలినవి రెండు: నడుము నొప్పి, చెవుడు. నడుము నొప్పిని ఊరందరికీ చెప్పుకునేవాడు. చెవుడును మాత్రం దాచాడు. ఊరి ఏసు గుడిలో పాట ఎత్తేది ఆయనే మరి. సంగతి బయటపడితే పాటగాళ్లు కూర్చునే ముందు చాప మీది చోటు పోతుంది. ఆ చోటు తప్ప గొప్పగా చెప్పుకోవడానికి తనకు ఇంకేమీ లేదని ఆయనకు బాగా తెలుసు.

2007లో, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలం మొదట్లో గుడి మైకును చంకన పెట్టుకుని సారపాక బస్సెక్కాడు. పాట ఎక్కడ తప్పినా తప్పంతా మైకుదేనని నాలుగేళ్లుగా అందరితో అంటున్నాడు.

అక్కడ మైకుసెట్ల కొట్టులో ప్రభాకర్ అప్పుడే కొత్త స్పీకరు బాక్సు పరీక్షిస్తున్నాడు. లారీ మీంచి బియ్యం బస్తా పడేసినట్టు ఒక దెబ్బ పడింది. అది ఆంథోని పక్కటెముకలకు తగిలింది. రెండో దెబ్బ తీరిగ్గా, మధ్యలో ఊపిరి పీల్చుకుని వచ్చింది.

“బాక్సు పోయిందా ఏంది?”

ప్రభాకర్ ఎప్పటిలాగే ఆయన చెవి దగ్గరికి వంగాడు. “బాక్సు మంచిగనే ఉంది పెద్దనాయనా. పాటే గట్ల. హైదరాబాద్ ఇంజనీరు ఒకాయన ఈ సీడీ ఇచ్చిండు. డూమ్ మెటలంట, ఇంగ్లీషోళ్ల పాటలు. గంటకు నాలుగే పాటలు.”

“పాడెటోడు బాయిల పడ్డట్టు మొత్తుకుంటుండేంది?”

“పడ్డడు గానీ పైకి తియ్యుమని అడుగుతలేడు సూడు.”

ఆంథోని స్టూలు మీద కూర్చుని గంటా విన్నాడు. తపస్సుకాలపు సిలువ మార్గం ప్రార్థనలో మోకాళ్లకు తెలిసే బరువే ఇందులోనూ ఉంది. పడటం, కాసేపు అలాగే ఉండటం, మళ్లీ లేవడం. ఎవరూ తొందరపెట్టరు. మాట ఒక్కటీ అర్థం కాలేదు. కానీ నాలుగేళ్లలో మొదటిసారి ఒక పాట ఆయనకు మొదటినుంచి చివరిదాకా దొరికింది. పైగా అది, ఏ పాటనైనా సాగదీసే ఆంథోని కంటే నిదానమైన పాట.

సీడీనీ, దాంతోపాటు ఒక పాత బాక్సునూ అడిగి తెచ్చుకున్నాడు. బాక్సును మంచం కింద పెట్టి, మిల్లు నుంచి రాగానే పడుకుని వీపుతో వినేవాడు. గూట్లో గిన్నెలు వణికి కిందపడుతుంటే భార్య సంపూర్ణ వాటిని పక్కింటి అరుగు మీదికి మార్చింది.

నెల తిరిగాక ఒక ఆదివారం పూజలో, ఒంట్లో ఇంకిన ఆ నడక ఆంథోని గొంతులోకి వచ్చేసింది. పల్లవి అయ్యేసరికి పీఠం దగ్గర ఫాదర్ రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆయనకు కంటనీరు వచ్చిందని ఆంథోని అనుకున్నాడు. జన్మలో ఇంత బాగా పాడలేదనీ అనుకున్నాడు.

ఇంటిదారిలో ఊరుకోలేక అడిగాడు. “ఇయ్యాల పాట ఎట్లుంది సంపూర్ణా?”

సంపూర్ణ ఆయన ముందుకు వచ్చి, మొహంలో మొహం పెట్టి చెప్పింది. “మంచిగనే ఉంది. మూడో చరణం కాడ నీ ఎనక పాడే తబితా ఇంటికి పోయి పాలపొయ్యి ఆర్పి వచ్చింది. వచ్చేసరికి సుత మూడో చరణమే.”

“మరి ఎవ్వరూ ఆపలేదేంది?”

“నీకోసం ఆగుడు మాకు కొత్తనా? నాలుగేండ్ల సంది అందరం నీ నోరు చూసుకుంటనే పాడుతున్నం. నీకు ఇనపడదని ఫాదర్‌కు సుత ఎరుకే.”

ఆంథోని నిలబడిపోయాడు. దొంగసొత్తును నెత్తిన పెట్టుకుని నాలుగేళ్లు ఊరంతా తిరిగినట్టుంది తన సంగతి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ పనైనా వాటికి చేతనవుతోందని నవ్వుకున్నాడు.

మరుసటి ఆదివారం తబితాను పిలిచి, గుడంతా వినేలా అన్నాడు. “ఇగ నువ్వే ఎత్తు బిడ్డా. నాకు ఇనపడదు.” చెప్పి వెనక చాప వైపు నడిచాడు.

తబితా చేయి పట్టుకుని ఆపింది. ముందు గోడ పక్కన ప్రభాకర్ కొట్టు నుంచి తెప్పించిన బాక్సు పెట్టి ఉంది. డోలక్ మైకు దానికే కలిపారు. “ఈడ కూసో పెద్దనాయనా. వీపు ఆనించు.”

ఆనించాడు. దెబ్బలు ఒక్కొక్కటే వీపుకు అందాయి. ఆయనకిప్పుడున్న రుచికి అవి మరీ పరుగు. అలవాటు కొద్దీ పాటలో ఒక వరుస వెనకబడ్డాడు.

గుడి ఆయన కోసం ఆగింది.