ఎదురుకాళ్ల పిల్ల

తువాలలో చుట్టిన ఐసు చల్లదనం అరచేతికి తగిలితే చాలు, నాకు రూతమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. పోయిన నెల మడికొండలో నేను ఆటలు నేర్పే బడి మైదానంలో ఖోఖో ఆడుతూ ఒకమ్మాయి కాలు బెణికించుకుంది. తోటి పిల్లలు రుద్దబోతుంటే ఆపి, ఐసు తెప్పించి పెట్టాను. ఆ పనంతా నా చేతులకు నేర్పింది పెద్దమ్మే.

కేసముద్రంలో మా పక్కిల్లు ఆమెది. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. చుట్టం కాదు, అయినా పెద్దమ్మే. ఇక నేను, తల బదులు కాళ్లు ముందొచ్చి పుట్టినదాన్ని. అలాంటివాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నన్ను కనడానికి అమ్మ పడ్డ తిప్పలు వాడంతటికీ కలిసొచ్చాయి. మార్కెట్ యార్డులో బస్తాలు మోసి నడుము పట్టేసినవాళ్లు మా వాకిట్లో వీపు తిప్పి నిలబడేవాళ్లు. నేను ఎడమకాలి మీద నిలబడి, కుడికాలితో మెల్లగా తన్ని, ఆనక వాళ్ల కాళ్లకు మొక్కేదాన్ని. పెద్దమ్మ నవ్వేది. "తన్నించుకున్నది చాలు గాని, జర బస్తాలు ఎత్తుడు ఆపుండ్రి" అనేది.

తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడుతుంటే నా ఎడమకాలే మడతపడింది. చీలమండ బూరెలా వాచింది. అమ్మ వేడినూనె తెచ్చింది. ఇంతలో పెద్దమ్మ వచ్చింది. "నూనె తియ్యవే. ఇప్పుడు రుద్దితె వాపు ఇంకా ఎక్కువైతది" అంది. ఎముక మీద వేలితో నొక్కి చూసి, నాలుగడుగులు వేయించింది. "అడుగు పడ్తాంది, ఎముకకేం కాలే. లేకుంటె ఎక్స్‌రే తీయించాలె" అంది. తువాలలో ఐసు చుట్టి కాసేపు పెట్టి తీసింది. సాగే గుడ్డతో కట్టుకట్టి, కాలికింద దిండు పెట్టింది. "వేళ్లు తిమ్మిరెక్కితె చెప్పు బిడ్డా, కట్టు వదులు చేస్త" అంది.

వాపు తగ్గింది, భయం తగ్గలేదు. ఇక నడవొచ్చని పెద్దమ్మ చెప్పాక కూడా గోడ పట్టుకునే కుంటేదాన్ని. ఇలాగైతే మళ్లీ ఖోఖో ఆడలేనని ఏడ్చేదాన్ని. అయినా ఆ కాలు నేలకు పూర్తిగా ఆనించేదాన్ని కాదు. అమ్మ బతిమాలింది, తిట్టింది, ఊరుకుంది.

ఒక పొద్దున పెద్దమ్మ నడుము మీద చెయ్యేసుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"నడుము పట్టేసిందే. జర తన్ను బిడ్డా."

"నువ్వు నమ్మవు కద పెద్దమ్మా?"

"నొప్పి నాది. నీకెందుకే ఫికరు?"

వీపు తిప్పి నిలబడింది. ఆమెను అలా చూస్తే జాలేసింది. ఎప్పటిలాగే కుడికాలు ఎత్తి తాకించి, వంగి మొక్కాను.

"ఏ కాలి మీద నిలబడ్డవే?" అని అడిగింది.

చూసుకున్నాను. గోడ నాకు దూరంగా ఉంది. పెద్దమ్మ నడుము మీది చెయ్యి తీసేసి, హాయిగా వంగి నా కట్టు సరిచేసింది.

మరుసటేడు జట్టులో ఆడాను. ఇప్పుడు పెద్దమ్మ లేదు. పిల్లలకు ఆటలు నేర్పే ప్రతిరోజూ ఆమె కావాలనిపిస్తుంది.

నిన్న, కాలు బెణికిన ఆ అమ్మాయి గోడ పట్టుకుని మైదానానికి వచ్చింది. వాపు పోయింది, డాక్టరు నడవమన్నాడు. "కాలు పెడ్తె మల్ల మడతపడ్తదేమో మేడం" అంది. నేను బంతుల సంచీ రెండు చేతులతో ఎత్తుకున్నాను.

"చేతులు ఖాళీ లేవు బిడ్డా. జర ఆ గోడ మేకుకున్న విజిల్ నా మెడల వెయ్యి" అన్నాను.

దాని తాడు వెడల్పు చేయడానికి ఆ పిల్లకు గోడ మీది చెయ్యి కూడా కావాల్సొచ్చింది.