చేటెడు చెరువు

ఐదేళ్లకే గోరంట్లలో చెరువు కట్టినవాణ్ణి నేను. సరే, ఒప్పుకుంటాను: అది బాలవాడి వాకిట్లో పిల్లలమంతా మన్ను మోసి కట్టిన చేటెడు చెరువు.

పడిన వాన యాడికి పోతుందని మా టీచరమ్మను అడిగాను. ఏదడిగినా ఆమె మా ఎదుట గొంతుక్కూర్చుని, "చేసి చూద్దాం పాండ్రి" అనేది.

చెనక్కాయ తొక్కలతో పడవలు చేసి వాన కోసం నెలలు కాచుకున్నాం. వాన పడింది, చెరువు నిండింది, పడవలు వదిలాం. నాది మునిగింది. ఇంతలో ఎలాగో కట్ట తెగి నీళ్లన్నీ పోయాయి. పిల్లలు గొల్లుమన్నారు. ఆమె ఎవరినీ కోప్పడలేదు. తడిమన్ను నా చేతికిచ్చి, "యాడ తెగిందో చూడు నాయనా" అంది. గండి పూడ్చిన మొనగాణ్ణి నేనే.

ఇది చదివి మా అక్క అంది: "ఎలాగో ఏందిరా? నీ పడవ మునిగిందని కట్టను తన్నినావు. టీచరమ్మ చూసింది. అందుకే మన్ను నీ చేతికే ఇచ్చింది."